నేను వెళ్ళేసరికి పోసి ఉన్న కాఫీ

బ్రాండ్‌వెల్, మోంటానా
అక్టోబరు మొదటివారం, 1988

పిన్నీ,

నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయని ముందు అడగాలి. అడిగాననుకో. ఇక నా గోడు విను. వినకపోతే ఇవాళ ఎవర్నో ఒకర్ని కొట్టేలా ఉన్నాను. చొక్కాకి షెరీఫ్ డిప్యూటీ బిళ్ళ పెట్టుకుని ఆ పని చేస్తే బాగుండదు.

మళ్ళీ డ్వైట్ కెస్లర్ ఇంటికి వెళ్ళొచ్చాను. ఆదివారం మధ్యాహ్నం వాడి పెళ్ళాం జనీన్ మా ఆఫీసుకి ఫోన్ చేసి, "త్వరగా రండి" అని పెట్టేసింది. నువ్వు మానేశాక రేడియో దగ్గర నీ కుర్చీలో కూర్చున్నది వెర్లిన్ కదా, వాడు నన్ను రేడియోలో పిలిచి కెస్లర్ ఇంట్లో గొడవట వెళ్ళమన్నాడు. నేనేమో కౌంటీకి ఆ చివర ఎవరిదో తప్పిపోయిన గుర్రం వెతుకుతున్నాను. గులకరోడ్డు మీద ముప్పావు గంట దూరం. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తోలాను.

వెళ్ళేసరికి ఏముంది? డ్వైట్ ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, పెళ్ళికొడుకులా తలుపు తీసి నుంచున్నాడు. గోడకున్న ఫోన్ తీగ ఇంకా ఊగుతోంది. బల్ల మీద కాఫీ పోసి ఉంది.

"రా లినెట్, చల్లారిపోతోంది. నీకు పాలు ఎక్కువుండాలి కదూ?" అన్నాడు.

బళ్ళో నా వెనక బెంచీలో కూర్చున్నవాడు, తెలియకేం. జనీన్ అటు తిరిగి గిన్నెలు కడుగుతోంది. ఏమైందంటే అల్మరా తలుపు తగిలిందంది. ఇటు తిరగమంటే తిరగలేదు. ఆవిడ నోరు విప్పదు, నేను కళ్ళారా చూడలేదు, ఇక కోర్టులో ఏం చెప్పను? ఎండాకాలం నుంచీ ఇదే వరస పిన్నీ. ఎప్పుడు వెళ్ళినా కాఫీ పోసి ఉంటుంది. నేను ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

నేను బయల్దేరానని వాడికి ఎవరో ఉప్పందిస్తున్నారు. ఎవరని పట్టుకోను? మన కౌంటీలో పొయ్యి లేని వంటిల్లు ఉంటుందేమో గానీ మా రేడియో వినే స్కానర్ డబ్బా లేని వంటిల్లు లేదు. నేను తుమ్మినా ఊరంతా వింటుంది. షెరీఫ్ హార్లన్‌కి చెప్తే ఏమన్నాడో తెలుసా? "చూడమ్మా, ముందు ఎన్నికలున్నాయి. జనం వంటిళ్ళలోకి పోయి డబ్బాలు పీకమంటావా?" అని తన సాండ్‌విచ్ తాను తిన్నాడు.

అన్నేళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నావు. ఇలాంటప్పుడు నువ్వేం చేసేదానివి?

నీ
లినెట్


యూమా, అరిజోనా
అక్టోబరు చివర

లినెట్ తల్లీ,

మోకాళ్ళ సంగతి అడిగాననుకోమన్నావు, బాగున్నాయని చెప్పాననుకో. ఇక్కడ ఈ ట్రెయిలర్ ఇళ్ళ మధ్య ముసలాళ్ళంతా పొద్దస్తమానం పేకాడుతున్నారు. నాకు విసుగ్గా ఉంది. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

స్కానర్లని ఆడిపోసుకోకు. మీ నాన్న ట్రాక్టరు కింద పడ్డప్పుడు అప్పటి షెరీఫ్ వచ్చింది ఎప్పుడు? అంతా అయ్యాక. వీళ్ళూ వాళ్ళూ డబ్బాలో విని, తింటున్న కంచాల ముందు నుంచి లేచి పరుగెత్తుకొచ్చి, చేతులతో ట్రాక్టరు ఎత్తారు కాబట్టి నీకు తండ్రి మిగిలాడు. గడ్డి అంటుకుంటే ఎవరు వస్తారు? వాళ్ళే. మన కౌంటీలో మనిషికీ మనిషికీ మధ్య ఉన్నది మైళ్ళూ, ఆ డబ్బా. మైళ్ళని ఏం చేయలేం. డబ్బానైనా ఉండనీ.

జనీన్ సంగతికి నా కడుపు తరుక్కుపోతోంది. ఉయ్యాలలో ఉన్నప్పటి నుంచీ ఎరిగున్న పిల్ల. వాళ్ళమ్మ ఓపల్ నాకు తోడబుట్టింది కాదన్న మాటే గానీ అంతకన్నా ఎక్కువ. కళ్ళలో శుక్లాలు వచ్చి కారు తోలడం మానేశాక ఊళ్ళో ఇంట్లోనే కూర్చుని కుమిలిపోతోంది పాపం. ఆ ఆదివారం నువ్వు ఎంతకీ రాకపోయేసరికి, నీ కారు వాకిట్లో ఆగిన చప్పుడు వినేదాకా ఊపిరి ఆడలేదంది. కొంచెం తొందరగా వెళ్తూ ఉండవే. గుర్రాలు వాటంతటవే ఇంటికొస్తాయి.

హార్లన్ మీద నోరు పారేసుకోకు. ఉద్యోగం పోతే మళ్ళీ ఆ ధాన్యం గోదాములో తూకాలు వేయాలి నువ్వు.

మీ
మేవిస్ పిన్ని


బ్రాండ్‌వెల్
నవంబరు, మొదటి మంచు పడింది

పిన్నీ,

ఊళ్ళో తన ఇంట్లో కూర్చున్న ఓపల్ అత్తకి, పాతిక మైళ్ళ అవతల డ్వైట్ వాకిట్లో నా కారు ఆగిన చప్పుడు ఎలా వినపడింది?

నువ్వు రాసిన ఆ వాక్యం దగ్గర నా కాఫీ ఒలికింది. ఊగుతున్న ఫోన్ తీగ గుర్తొచ్చింది. అవతల ఫోన్ పట్టుకుని ఉన్నది ఆవిడే. "లినెట్ వస్తోంది, సర్దుకో నాయనా" అని అల్లుడికి చెప్తున్నది కన్నతల్లి! వీళ్ళూ వాళ్ళూ అని ఊరంతా అనుమానించాను గానీ ఆవిడ పేరు నా కలలోకి కూడా రాలేదు.

ఉండబట్టలేక వెళ్ళాను. వేడి ఆపిల్ కేకు కోసి పెట్టింది. నిలదీశాను.

"అత్తా, అల్లుడికి ఫోన్ చేస్తున్నది నువ్వేనా?"

"తిను. చల్లారితే బాగోదు."

"నీ కూతురే కదా అత్తా! పరువు కోసమా? చర్చిలో నలుగురూ అనుకుంటారనా?"

ఆ మసక కళ్ళతో నా వంక చూసి, "నువ్వు తొందరగా రా తల్లీ, అంతే" అంది. నీదీ అదే మాట, ఆవిడదీ అదే మాట. నాకేమన్నా రెక్కలున్నాయా? ఇద్దరు డిప్యూటీలం. కౌంటీ ఏమో ఇంత. ఒకరు తూర్పున ఉంటే ఒకరు పడమర. మూడోవాణ్ణి పెట్టమని కమిషనర్లని అడిగితే మంచు తోసే బండికి కొత్త చక్రాలు కావాలన్నారు. ఒంటరిగా వెళ్తున్నాను కాబట్టి ఎక్కడికి వెళ్తున్నానో రేడియోలో చెప్పి తీరాలంటాడు హార్లన్. చెప్తే డ్వైట్‌కి తెలుస్తుంది. చెప్పకపోతే నాకేమైనా అయినప్పుడు ఎవరికీ తెలియదు. తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తోంది.

నాకో ఉపాయం తట్టింది. వెర్లిన్ ఒప్పుకున్నాడు. అదేమిటో నీకు రాయను. నీకు రాస్తే ఓపల్ అత్తకి చేరుతుంది. నీ నోట్లో నువ్వుగింజ నానదని ఇవాళ తెలిసింది.

లినెట్


యూమా
నవంబరు మధ్యలో

లినెట్,

తిట్టావు. పడ్డాను. ఇప్పుడు నేను రాసేది కూర్చుని చదువు. ఫోన్ చేద్దామంటే నీ ఫోన్ లైనే వాడే ఇంకో రెండిళ్ళ వాళ్ళు చెవులు పెట్టుకుని ఉంటారు. ఇది వాళ్ళు వినాల్సింది కాదు. ఎవరికీ చెప్పనని ఓపల్‌కి మాటిచ్చాను. ఉపాయం అని నువ్వు రాసింది చదివాక ఆ మాట నిలబెట్టుకోవడం నావల్ల కావడం లేదు.

ఓపల్ అల్లుణ్ణి కాపాడడానికి ఫోన్ చేస్తోందనుకున్నావా? ఆవిడకి వాడంటే అసహ్యం, పేరెత్తితే ఉమ్మేస్తుంది. నువ్వు చేరాలంటే అరగంట, ముప్పావు గంట. డబ్బాలో వినగానే ఆవిడ చేస్తే ఫోన్ మోగడానికి ఎంతసేపు? మోగితే వాడు ఆగుతాడు. "డ్వైట్, డిప్యూటీ బయల్దేరింది" అంటే చెయ్యి దించుతాడు, భయస్థుడు కదా. ఇక నువ్వు వచ్చేదాకా వాణ్ణి ఫోన్ దగ్గరే నిలబెడుతుంది. దూడలు ఎంత పలికాయి, బావి పంపు బాగైందా, ఏదో ఒకటి. పళ్ళు బిగబట్టి మాట్లాడుతుంది. ఇంటి ముందు నీ కారు ఆగిన చప్పుడు ఫోన్లో వినపడితే పెట్టేస్తుంది.

ఇలా చేస్తే వాడు నీ చేతికి చిక్కడని ఆవిడకి తెలియక కాదు. పొద్దున్నకి పిల్ల బతికుంటే చాలనుకుంటోంది. కళ్ళు లేవు, కారు లేదు, ఆ ఫోన్ ఒక్కటే ఉంది.

అందుకని నీ ఉపాయం ఏదైనా సరే, ఆ ఫోన్ మోగకుండా చేసేది మాత్రం చేయకు. ముందు ఓపల్‌తో కూర్చుని మాట్లాడు. నేను చెప్పానని చెప్పు, ఫరవాలేదు, తిట్టనీ.

మీ పిన్ని


బిల్లింగ్స్ ఆస్పత్రి, వరండాలో
నవంబరు

పిన్నీ,

నీ ఉత్తరం మంగళవారం చేరింది. జరిగింది ఆదివారం.

నా ఉపాయం ఏమిటో ఇప్పుడు రాస్తున్నాను. జనీన్ ఫోన్ చేస్తే వెర్లిన్ రేడియోలో కెస్లర్ పేరు ఎత్తకూడదు. "ఉత్తరాన పెద్ద వంతెన దగ్గర రోడ్డు మీదికి ఆవులు వచ్చాయి" అనాలి. అంటే నేను కెస్లర్ ఇంటికి వెళ్ళాలన్నమాట. ఎంత తెలివైనదాన్నో చూశావా.

ఆదివారం చర్చి భోజనాలయ్యాక వెర్లిన్ ఆవులన్నాడు. నేను వెళ్ళాను. దారంతా సంతోషంగా తోలాను పిన్నీ. ఇవాళ కాఫీ పోసి ఉండదు, ఇవాళ దొరుకుతాడు అనుకుంటూ తోలాను.

కాఫీ పోసి లేదు. దొరికాడు. నేను తలుపు తోసేసరికి చెయ్యి ఇంకా పైకెత్తే ఉంది. నన్ను చూసి బిత్తరపోయి, "ఆవులు కదా!" అన్నాడు. వాడి వంటింట్లోనూ డబ్బా ఉందని నాకు తట్టనే లేదు. సంకెళ్ళు వేశాను. జనీన్ పొయ్యి పక్కన నేల మీద ఉంది. ముఖం గుర్తుపట్టలేకపోయాను.

అంబులెన్స్ పిలిచాను. అంబులెన్స్ నడిపేది రోలీ. వాడు ఎక్కడున్నాడు? ఉత్తరాన వంతెన దగ్గర. వాడొక్కడే కాదు, సగం కౌంటీ అక్కడే ఉంది. ఆవులు రోడ్డెక్కాయంటే మనవాళ్ళు ఇంట్లో కూర్చుంటారా? పికప్పు ట్రక్కులేసుకుని, తాళ్ళు పట్టుకుని, ఆ చలిగాలిలో లేని ఆవుల్ని వెతుకుతున్నారు. రోలీ వచ్చేదాకా జనీన్ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. గోడకి ఫోన్ ఊగకుండా వేలాడుతోంది.

బతుకుతుందన్నారు. దవడ తీగలతో కట్టారు. ఎడమ చెవి ఇక వినపడదట.

ఓపల్ అత్త వచ్చి పక్కన కూర్చుంది. నేను కాళ్ళ మీద పడిపోతాననుకున్నాను. ఆవిడ అరవలేదు, తిట్టలేదు. "ఆవులన్నావు కదే లినెట్. ఆవులే కదా అని లేచి రొట్టెలు కాల్చుకున్నాను" అంది. అంతే అంది.

హార్లన్ వచ్చి నా భుజం తట్టి, "శెభాష్, చేతికి చిక్కాడు" అన్నాడు. ఆ చెయ్యి విదిలించుకున్నాను. సోమవారం బిళ్ళ తీసి వాడి బల్ల మీద పెట్టేస్తాను. తూకాలే వేసుకుంటాను.

లినెట్


యూమా
డిసెంబరు

తల్లీ,

ఓదార్చను. నాకు ఓదార్పు లేదు, నీకెక్కణ్ణుంచి తేను? నా ఉత్తరం మూడు రోజుల ముందే పోస్టు చేయాల్సింది. పేకాట బల్ల దగ్గర కూర్చుని మాటిచ్చానే, మాటిచ్చానే అని నానాను. నా మీద నాకు ఒళ్ళు మండిపోతోంది, నీ మీదా మండుతోంది, ఓపల్ మీదా మండుతోంది. ముగ్గురం ఒకే పిల్లని బతికించుకోవాలనుకున్నాం. ఒకరికొకరం నోరు విప్పలేదు. ఊరంతా వినే డబ్బా ఉండి కూడా మనం చేసిన నిర్వాకం ఇదీ.

బిళ్ళ మాత్రం తీయకు. నువ్వు తీస్తే హార్లన్ తన మేనల్లుణ్ణి పెడతాడు. వాడికి కారు తోలడం తప్ప ఏమీ రాదు, అదీ సరిగ్గా రాదు.

ఒకటి మాత్రం రాత్రీ పగలూ నన్ను తొలిచేస్తోంది. ఆవులు అంటే సగం కౌంటీ కదిలింది. గడ్డి అంటుకుంది అంటే కదులుతుంది. ఎన్నోసార్లు అదే డబ్బాలో "కెస్లర్ ఇంట్లో గొడవ" అని విన్నారు కదా వీళ్ళంతా. ఒక్కడైనా పికప్పు తీశాడా? డ్వైట్ ఇంటికి రెండు మైళ్ళలో మూడు ఇళ్ళున్నాయి. వాళ్ళ ఇంటి విషయం మనకెందుకని డబ్బా గొంతు తగ్గించి కూర్చున్నారు. ఆవుకున్న విలువ ఆడపిల్లకి లేకపోయింది. వెళ్ళి తలుపు కొట్టి, ఓ కప్పు పంచదార కావాలని వంటింట్లో కూర్చుంటే వాడు చెయ్యెత్తుతాడా?

నువ్వు కాదు తొందరగా వెళ్ళాల్సింది. నీకంటే దగ్గరున్నవాళ్ళు వెళ్ళాలి. ఇది హార్లన్‌కి చెప్పు. నేను చెప్పానని చెప్పు.

మీ పిన్ని


బ్రాండ్‌వెల్
మార్చి, 1989

పిన్నీ,

బిళ్ళ తీయలేదు. తీయనందుకు రోజూ ఏడుస్తున్నాను.

కేసు అయింది. డ్వైట్ లాయరు బిల్లింగ్స్ నుంచి వచ్చాడు, మెరిసే బూట్లు. ఇదొక్కసారే జరిగింది, మంచివాడు, అదీ తాగిన మత్తులో చేశాడు అన్నాడు. జనీన్ సాక్ష్యం చెప్పింది గానీ సగం మాటలు పైకి రాలేదు, దవడ ఇంకా కుదరలేదు. తీర్పు చెప్పే జూరీలో కూర్చున్నవాళ్ళంతా మనవాళ్ళే, తలలు దించుకుని విన్నారు. అప్పుడు ఓపల్ అత్త తడుముకుంటూ వచ్చి సాక్షి కుర్చీలో కూర్చుంది.

"ఒక్కసారే అని ఎలా చెప్పగలవమ్మా, నువ్వు అక్కడ లేవు కదా?" అన్నాడు లాయరు.

"ఫోన్లో ఉన్నాను. వాడు ఎత్తేసరికి రొప్పుతూ ఉండేవాడు. వెనక పిల్ల ఏడుపు. మోగితే ఆగేవాడు, అందుకని మోగించేదాన్ని. మీరంతా కూడా ఆ డబ్బాలో విన్నారు కదర్రా" అని జూరీ వైపు తిరిగింది. మసక కళ్ళకి వాళ్ళు కనపడరని అందరికీ తెలుసు. అయినా ఒక్కరూ ఆవిడ ముఖం వైపు చూడలేదు.

నేరం రుజువైందన్నారు. శిక్ష వేసే దగ్గర జడ్జి రెండేళ్ళన్నాడు, బుద్ధిగా ఉంటే సగానికే వదులుతారట. రెండేళ్ళు! దొంగిలించిన దూడకి ఇంతకన్నా ఎక్కువ పడుతుంది.

నువ్వు చెప్పిన సంగతి హార్లన్‌కి చెప్పాను. పొరుగువాళ్ళని ముందు పంపుదాం అన్నాను. పగలబడి నవ్వాడు. కౌంటీ లాయరుని అడిగితే, ఎవరికైనా దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది, కుదరదు, రాతపూర్వకంగా అసలు కుదరదన్నాడు. కమిషనర్లు సరే ఆలోచిద్దామన్నారు. వాళ్ళు ఆలోచిద్దామన్నది ఏదీ ఈ జన్మలో జరగలేదు. గోడకి చెప్పుకున్నా కనీసం నవ్వదు.

వెర్లిన్ మాత్రం అంతా విన్నాడు. వాడి బల్ల మీద ఫోన్ పుస్తకం తెరిచి ఉంది, చూశాను.

లినెట్


యూమా
ఏప్రిల్

లినెట్,

ఓపల్‌కి ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. జనీన్ వచ్చి వాళ్ళమ్మ దగ్గరే ఉంటోందట కదా, మరి ఇద్దరూ ఎక్కడికి పోతున్నారు సాయంత్రాలు? నాకు కాలూ చెయ్యీ ఆడడం లేదు. ఒకసారి చూసి వచ్చి రాయి, రెండు ముక్కలైనా సరే.

పిన్ని


బ్రాండ్‌వెల్
మే

పిన్నీ,

రెండు ముక్కలు కాదు, చాలానే ఉంది.

నిన్న మధ్యాహ్నం వెర్లిన్ పిలిచాడు. "హాగెన్ ఇంట్లో గొడవ" అన్నాడు. పేరు దాచలేదు, గొంతు తగ్గించలేదు. గడ్డి అంటుకున్నప్పుడు ఎలా చెప్తాడో అలా గట్టిగా చెప్పాడు. నేను ఎక్కడున్నాను? మామూలే, మరో చివర. మళ్ళీ అదే గులకరోడ్డు, మళ్ళీ అదే ముప్పావు గంట. మళ్ళీ ఆలస్యం, మళ్ళీ ఆలస్యం అనుకుంటూ, స్టీరింగు మీద గుద్దుతూ తోలాను. మూడో డిప్యూటీని ఇవ్వని కమిషనర్లని ఒక్కొక్కణ్ణీ పేరు పెట్టి తిట్టాను.

మలుపు తిరిగేసరికి హాగెన్ వాకిట్లో పికప్పులు. రోలీది ఉంది. పక్క పొలం వాళ్ళవి ఉన్నాయి. మొన్నటి జూరీలో కూర్చున్న ఒకాయనది కూడా ఉంది. ఎవరి చేతిలోనూ తుపాకీ లేదు. మగవాళ్ళంతా కంచె మీద మోచేతులు ఆనించి, వానల గురించి మాట్లాడుకుంటున్నారు. హాగెన్ వాళ్ళ మధ్యన ఎర్రబడ్డ ముఖంతో నుంచున్నాడు. కదలడానికి సందు లేదు.

"ఏం పని మీద వచ్చారు మీరంతా?" అన్నాను.

"ఏమో, వెర్లిన్ ఫోన్ చేశాడు. కంచె బాగుందో లేదో చూద్దామని వచ్చాం" అన్నాడు రోలీ.

హార్లన్‌కి తెలుసా? తెలియదు. తెలిస్తే గంతులేస్తాడు. కాగితం మీద ఎక్కడా లేదు. వెర్లిన్ కొన్నాళ్ళుగా మాలో ఎవర్ని పిలిచినా, వెంటనే ఆ ఇంటికి దగ్గరున్న ఇళ్ళకి ఒక్కొక్కటిగా ఫోన్లు చేస్తున్నాడట. ఎవరు చేయించారని అడిగితే "మేవిస్ కుర్చీ కదా, అలవాటైంది" అన్నాడు. నువ్వు వాడికి కూడా ఉత్తరాలు రాస్తున్నావని నాకు చెప్పలేదేం?

లోపలికి వెళ్ళాను. హాగెన్ భార్య కుర్చీలో ఉంది, పెదవి చిట్లింది, అంతకు మించి ఏమీ కాలేదు. జనీన్ తన మంచి చెవి ఆవిడ వైపు పెట్టి, చెయ్యి పట్టుకుని కూర్చుంది. తల్లిని కారులో తెచ్చింది తనే. సాయంత్రాలు ఇద్దరూ ఎక్కడికి పోతున్నారని అడిగావు కదా, ఇదే. పిలుపు రాని రోజున కూడా ఊరికే ఇల్లిల్లూ పలకరించి వస్తున్నారట, పంచదార కావాలని.

హాగెన్ భార్య నా కళ్ళలోకి చూసి, "రాసుకో డిప్యూటీ, చెప్తాను" అంది. ఈ ఉద్యోగంలో చేరాక ఆ మాట విన్నది మొదటిసారి.

పొయ్యి దగ్గర ఓపల్ అత్త. నా అడుగుల చప్పుడు విని ఇటు తిరిగింది.

"ఆలస్యమైందే" అంది.

"అయింది అత్తా."

"ఫరవాలేదు. మేమున్నాంగా."

బల్ల మీద కప్పులో కాఫీ పోసి ఉంది. తడుముకుంటూ దాన్ని నా వైపు జరిపింది. పాలు ఎక్కువే పోసింది.

నేను తాగాను పిన్నీ.

నీ
లినెట్